నాగార్జునకొండకు విజ్ఞానయాత్ర

కృష్ణానది నల్లమల కొండలను దాటి పల్నాటిసీమను చేరుచోట పూర్వమొక లోయ ఉండెడిది. దానికి మూడు వైపుల కొండలు, నాలుగవ వైపున నది. క్రీస్తుశకము మూడవ శతాబ్దములో ఇక్ష్వాకు రాజులు ఆ లోయలో విజయపురి అను నగరము నుండి రాజ్యపాలనము చేసిరి. నేడా లోయ కంటికి కనబడదు. నాగార్జునసాగర్ జలాశయము దానిని కప్పివేసినది. లోయలోని పెద్దకొండ పైభాగము మాత్రము నీటి నడుమ ద్వీపమువలె నిలిచియున్నది. అదియే నాగార్జునకొండ.

గుంటూరు ప్రాంతమునందలి ఒక ఉన్నత పాఠశాల నుండి ఎనిమిదవ తరగతి విద్యార్థులు ఒక శీతకాలమున ఆ ద్వీపమును చూడబోయిరి. వారు 42 మంది. వారి వెంట వెళ్ళిన పెద్దలు ముగ్గురు. సాంఘికశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడు ఒకరు, తెలుగు ఉపాధ్యాయిని ఒకరు, వ్యాయామోపాధ్యాయుడు ఒకరు.

పిల్లలను వెంటబెట్టుకొని యాత్రకు పోవుట చూచువారికి వేడుకగా తోచును. ఆ భారము వహించిన వానికి మాత్రము యాత్ర నెల దినములు ముందుగనే మొదలగును. సాంఘికశాస్త్రోపాధ్యాయుడు ఒక ఆదివారము తానొక్కడే నాగార్జునకొండకు పోయి వచ్చెను. మంచినీరు ఎచ్చట దొరకును, ఏ మెట్లు జారుడుగా నున్నవి, రేవునుండి ప్రదర్శనశాలకు నడచుటకు ఎంతసేపు పట్టును, ఎండ తగిలినచో నీడ యెచ్చట నున్నది అను విషయములను చిన్న పుస్తకములో వ్రాసికొనెను. ప్రదర్శనశాల శుక్రవారము మూసియుండునని తెలిసికొనెను. ఈ సంగతి తెలియక అంతదూరము పోయి వట్టిచేతులతో తిరిగివచ్చిన జట్లు లేకపోలేదు.

తల్లిదండ్రుల అనుమతి పత్రములు 41 వచ్చెను. ఒకటి రాలేదు. ఉపాధ్యాయుడు ఆ బాలుని యింటికి పోయెను. తండ్రి రైతు. ఆయన వసారాలో మంచము వాల్చి ఉపాధ్యాయుని కూర్చుండబెట్టి మజ్జిగ ఇప్పించెను.

"మాష్టారుగారూ! మీరు బస్సులో ఎంతదూరము తీసికొనిపోయినను పంపుదును. నీళ్ళమీదికి మాత్రము పంపలేను" అని ఆయన చెప్పెను.

ఆయన భయము ఊరక పుట్టినది కాదు. 2014 జూన్ 8వ తేదీన హిమాచల్ ప్రదేశమునందు బియాస్ నదిలో దిగిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, ఎగువనుండి విడిచిన నీటి ఉరవడికి కొట్టుకొనిపోయిరి. వారును విజ్ఞానయాత్రకే పోయినవారు. ఆ వార్తను ఆ రైతు మరువలేదు. ఉపాధ్యాయుడును మరువలేదు. కావుననే ఆయన "భయము లేదు" అను మాట పలుకలేదు. తాము చేయబోవు పనులను మాత్రము చెప్పెను. లాంచీలో ప్రతి పిల్లవానికిని లైఫ్ జాకెట్టు తొడిగింతురు. ముందొకరు, నడుమ నొకరు, వెనుక నొకరు పెద్దలు కూర్చుందురు. అంచునకు ఎవరిని పోనీయరు. ఎచ్చటను ఎవరును నీటిలో కాలు పెట్టరు. గాలి యెక్కువగా నున్నచో ప్రయాణము మానుకొందురు.

"ఇంతకు మించి నేను చెప్పగలిగినది లేదు. ఆపై మీ యిష్టము" అని ఆయన ముగించెను.

అంతవరకును వసారా మూలన కూర్చుండి చేట చెరుగుచున్న ముసలమ్మ తలయెత్తెను. ఆమె రైతు తల్లి.

"వానిని పోనీరా! నేను పుట్టినది ఆ లోయలోనే గదా. ఆనకట్ట కట్టునప్పుడు మమ్ములను లేవదీసినప్పటికి నాకు పదేండ్లు. మా ఊరెచ్చట నుండెనో వాడైనను చూచి రానీ."

"నీళ్ళలో ఏమి కనబడునమ్మా?" అని కుమారుడు అడిగెను.

"కనబడకపోయినను చూచి రానీ."

రైతు మరికొంతసేపు ఊరకుండెను. పిదప లోనికి పోయి కలము తెచ్చి సంతకము చేసెను.

యాత్రకు ముందుదినమున వ్యాయామోపాధ్యాయుడు విద్యార్థులను మైదానములో నిలిపి ప్రతివారికిని ఒక సంఖ్య నిచ్చెను. ఏడుగురికి ఒక జట్టు చొప్పున ఆరు జట్లు ఏర్పడెను. బస్సు ఎక్కునపుడు, దిగునపుడు, ఒకచోటు విడిచి మరియొక చోటికి పోవునపుడు వరుసగా సంఖ్యలు పలుకవలెను. ఎవరైనను తప్పిపోయినచో తోడివారిని వెదకుచు తిరుగరాదు. ఉన్నచోటనే యుండవలెను, పెద్దలే వెదకికొని వత్తురు. ఈ నియమమును ఆయన మూడుసార్లు వారిచే చెప్పించెను. పిల్లలు నవ్వుచునే చెప్పిరి. రైతు కుమారుని సంఖ్య 27.

బస్సు తెల్లవారకముందే బయలుదేరెను. మాచర్ల దాటిన పిదప ఉపాధ్యాయుడు లేచి నిలుచుండి ఒక సంగతి చెప్పెను. 1926వ సంవత్సరమునందు ఆ లోయలో రాతిస్తంభములు పడియుండుట చూచి, అవి సామాన్యమైనవి కావని గుర్తించి, ప్రభుత్వమునకు తెలియజేసినవాడు సూరపరాజు వేంకటరామయ్య. ఆయన ఈ ప్రాంతపు బడిపంతులు. ఆ సమాచారము అందిన పిమ్మట శాసనపరిశోధన శాఖవారు వచ్చి చూచిరి. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు అచ్చట త్రవ్వకములు జరిపి స్తూపములను, విహారములను బయల్పరచెను. బడిపంతులు కనుగొన్నాడనగానే వెనుక వరుసలోని పిల్లలు తమ ఉపాధ్యాయునివైపు చూచి చప్పట్లు చరచిరి. ఆ గౌరవము తనది కాదని ఆయన వారించినను వారు మానలేదు.

ఆనకట్ట కనబడగానే బస్సు ఆపించిరి. ఈ ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన అప్పటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1967లో నిర్మాణము పూర్తియయ్యెను. లోయ మునుగునని తెలిసిన వెంటనే, 1954లో, పురావస్తు శాఖవారు డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున లోయనంతటిని త్రవ్వుటకు పూనుకొనిరి. 1960 వరకు ఆ పని సాగెను. రాతియుగపు పనిముట్లు మొదలుకొని ఇక్ష్వాకుల కట్టడముల వరకు దొరకినవానిని దొరకినట్లు పటములు గీసికొనిరి. ముఖ్యమైన కొన్నింటిని విప్పి, కొండమీదికిని, నది కుడిగట్టున అనుపు అను చోటికిని తరలించి మరల కట్టిరి. మిగిలినవి నీటిపాలయ్యెను.

ఒక బాలిక అడిగెను: "అంత గొప్ప నగరమును ముంచివేయుట న్యాయమా మాష్టారూ?"

ఉపాధ్యాయుడు వెంటనే సమాధానము చెప్పలేదు. "మీలో ఎవరి పొలమునకు సాగర్ కుడికాలువ నీరు వచ్చుచున్నదో చేతులెత్తుడు" అనెను. ముప్పదికి పైగా చేతులు లేచెను. ఆ బాలిక చేయియు వానిలో నుండెను. ఆమె తన చేతిని చూచుకొని మెల్లగా దించెను. కాని ప్రశ్న మాత్రము వెనుకకు తీసికొనలేదు. ఉపాధ్యాయునికి అది నచ్చినది.

విజయపురి సౌత్‌లో అందరును లాంచీ ఎక్కిరి. గాలి లేదు. నీరు అద్దమువలె నుండెను. జాకెట్టు త్రాళ్ళను వ్యాయామోపాధ్యాయుడు ఒక్కొక్కరివే లాగి చూచెను. ఇద్దరు ముగ్గురు అవి బిగుతుగా నున్నవని సణిగిరి, ఆయన వినిపించుకొనలేదు. సుమారు గంటసేపటికి కొండ దగ్గరకు వచ్చెను.

కొండపై కోటగోడల శిథిలములు కలవు. వానిని దాటి లోనికి పోయినచో, లోయనుండి తరలించి తెచ్చిన కట్టడములు కనబడును. నదీతీరమున నుండిన స్నానఘట్టమును రాతిపలకలతో సహా తెచ్చి కట్టిరి. చిన్న స్తూపమొకదాని గర్భములో ఇటుకలు స్వస్తిక రూపమున పేర్చియుండుట చూచి పిల్లలు చుట్టును మూగిరి. మహాచైత్యమును గూర్చి చెప్పునపుడు ఉపాధ్యాయుడు కర్రతో నేలమీద బండిచక్రము గీసి చూపెను. ఆ చైత్యము వ్యాసము సుమారు 32 మీటర్లు. దాని లోపలి గోడలు చక్రమునకు ఆకులవలె నడిమినుండి అంచునకు పోవును. ఆకుల నడుమ మట్టి నింపి పైన అండాకారమును నిలిపిరి. నాలుగు దిక్కులను వేదికలు, ఒక్కొక్క వేదికపై ఐదేసి ఆయక స్తంభములు. ఆ ఐదును బుద్ధుని జననము, గృహత్యాగము, జ్ఞానోదయము, ప్రథమ ధర్మోపదేశము, పరినిర్వాణము అను ఐదు ఘట్టములకు గుర్తులు.

ఆ స్తంభములమీది ప్రాకృత శాసనములలో ఒక స్త్రీ పేరు కలదు. ఆమె శాంతిశ్రీ. ఇక్ష్వాకు రాజగు శాంతమూలుని సోదరి. శాంతమూలుడు అశ్వమేధ యాగము చేసిన వైదికధర్మపరుడు. ఆయన సోదరి బౌద్ధమును ఆదరించి, మేనల్లుడు వీరపురుషదత్తుని ఆరవ పాలనాసంవత్సరమున ఈ మహాచైత్యమును బాగుచేయించినది. అన్న యాగశాల, చెల్లెలి చైత్యము ఒకే లోయలో నుండెను. బోధిశ్రీ అను ఉపాసిక సింహళమునుండి వచ్చు భిక్షువులకై చైత్యగృహము కట్టించినట్లు మరియొక శాసనము తెలుపుచున్నది. సముద్రము దాటి వచ్చినవారికి ఈ కొండల నడుమ బసలు ఉండెననగా ఆనాటి విజయపురి ఎంతటి పేరు గాంచినదో ఊహింపవచ్చును.

ప్రదర్శనశాలలో లేతాకుపచ్చని పల్నాటి సున్నపురాతిపై చెక్కిన శిల్పములు బారులుతీరి యున్నవి. నిలుచున్న బుద్ధుని నిలువెత్తు విగ్రహము ముందు మాటలాడుచున్న పిల్లలు తమంతట తామే మాటలాపిరి. అన్నింటికంటె వారిని ఆకర్షించినది మునిగిన లోయ నమూనా. కొండలు, నది, చైత్యములు, విహారములు ఎచ్చటెచ్చట నుండెనో అందు చూపబడినది. అయితే కాలము మించుచుండెను. ప్రదర్శనశాల ద్వారమువద్ద సంఖ్యలు పలికించి, 42 సరిపోయినవని చూచుకొని, అందరును రేవునకు దిగిరి.

రేవున లాంచీ సిద్ధముగా నుండెను. ఉపాధ్యాయుడు ఈసారి సంఖ్యలు పలికింపక, తానే ఒక్కొక్కరి భుజముపై చేయివేసి లెక్కించుచు లాంచీలోనికి పంపెను. లెక్క 41 వద్ద ఆగిపోయెను. మరల లెక్కించెను. 41.

ఆయన మొదట చూచినది కొండవైపు కాదు, నీటివైపు.

రేవు మెట్లవద్ద నీరు కదలక యుండెను. "27 ఎచ్చట?" అని నాలుగవ జట్టు నాయకురాలు కేకవేసెను. ఎవరును పలుకలేదు. 26వ సంఖ్య గల బాలుడు తలవంచుకొనెను. కొంతసేపటికి వాడు ఏడ్పు గొంతుతో నిజము చెప్పెను. ప్రదర్శనశాల ద్వారమువద్ద, మిత్రుడు ఇంకను లోపలనే యుండుట చూచి, ఇప్పుడే వచ్చునుగదా యని, 26 తరువాత గొంతు మార్చి 27 కూడ తానే పలికెనట.

లాంచీ నడుపువాడు ఇతర ప్రయాణికులు వేచియున్నారని తొందరపెట్టెను. అతనిని తప్పుపట్టుటకు వీలులేదు. అందరును ఆగుదురా? ఆగినచో తరువాతి లాంచీలో 42 మందికిని చోటు దొరకునను నమ్మకము లేదు. ముగ్గురు పెద్దలు ఏల వలయునని యాత్రకు ముందు పాఠశాలలో కొందరు ప్రశ్నించిరి. దానికి సమాధానము ఇప్పుడు దొరకినది. ఉపాధ్యాయుడు 41 మందిని మిగిలిన ఇద్దరికిని అప్పగించెను. "గట్టు చేరగానే లెక్కింపుడు, భుజము తాకి లెక్కింపుడు" అని చెప్పి తాను మెట్లెక్కి కొండపైకి పోయెను. ఆయన వయస్సు ఏబదియారు. ఆ దారిని ఆయన నడువలేదు, పరుగెత్తెను.

బాలుడు ప్రదర్శనశాలలో ఉండెను. లోయ నమూనా ప్రక్కన నేలమీద కూర్చుండి, కాగితముపై కొండను, నదిని గీయుచుండెను. ఉపాధ్యాయుని చూడగానే లేచి నిలుచుండి, "నేను కదలలేదండి! అందరును పోయిరని తెలిసిన తరువాత ఇచ్చటనే ఉండిపోతిని" అనెను. వాని పెదవులు వణకుచుండెను. నియమమును వాడు తప్పలేదు. తప్పినవాడు ద్వారమువద్ద గొంతు మార్చినవాడు, ఆ గొంతును నమ్మి లెక్క ముగించిన పెద్దలు. ఉపాధ్యాయుడు కోపముతో చెప్పదలచిన మాటలను చాలవరకు మ్రింగివేసెను. ఊపిరి కుదుటపడిన తరువాత, "జట్టును విడిచి వెనుకబడుట తప్పే. నీవలన 41 మంది అనుపు చూడలేకపోవుదురు" అని మాత్రము చెప్పెను. అదియు నిజమే. అనుపునందలి ప్రాచీన రంగస్థలమును, దానిచుట్టును మెట్లుమెట్లుగా నున్న ఆసనములను చూడవలెనని పిల్లలు ఎంతో వేడుకపడుచు వచ్చిరి. చూడలేకపోయినందులకు ఆ రాత్రి బస్సులో కొందరు 27తో మాటలాడలేదు.

తరువాతి లాంచీకి ఇంకను చాల సమయముండెను. "ఏమి గీయుచుంటివి?" అని ఉపాధ్యాయుడడిగెను.

"మా నాయనమ్మ ఊరు దొరకలేదండి. ఇందులో పాత చైత్యములే చూపినారు గాని నిన్నమొన్నటి పల్లెలు చూపలేదు."

"ఆమె ఏమైన గుర్తు చెప్పినదా?"

"సాయంకాలము కొండనీడ వాళ్ళ ఊరిమీద పడెడిదట."

ఉపాధ్యాయుడు నమూనా ప్రక్కన మోకాళ్ళపై కూర్చుండెను. సాయంకాలము సూర్యుడు పడమట నుండును గదా, నీడ ఎటు పడును? తూర్పునకు. నమూనాలో తూర్పు ఏది? నది యేవైపున నున్నదో చూచి ఇద్దరును దిక్కులు సరిచూచుకొనిరి. కొండకు తూర్పుగా చదునైన నేల కొంత యుండెను. ఊరు ఆ నేలలో ఎచ్చటనో యుండవలెను. అంతకంటె దగ్గరగా చెప్పుటకు వీలులేదు. బాలుడు కాగితముపై ఆ చోటున గీత గీయక ఖాళీగా విడిచెను. ప్రదర్శనశాల కావలివాడు తాళపుచెవులు పట్టుకొని వచ్చి, వారు ముగించువరకు ద్వారమువద్ద నిలుచుండెను.

లాంచీ బయలుదేరునప్పటికి పొద్దు వాలెను. అందులో ప్రయాణికులు కొద్దిమందియే. కొంతదూరము పోయిన తరువాత బాలుడు ఉపాధ్యాయుని చేయి తాకి వెనుకకు చూపెను. కొండనీడ నీటిమీద పొడవుగా పరచుకొనియుండెను. ఇద్దరును చాలసేపు దానినే చూచిరి. ఉపాధ్యాయుడు వాని జాకెట్టు త్రాడును మరియొకసారి లాగి చూచెను.

గట్టుమీద 41 మంది బస్సులో కూర్చుండియుండిరి. సంఖ్యలు పలుకుమని ఎవరును చెప్పకమునుపే వారు మొదలుపెట్టిరి. 26 పలికి ఆ బాలుడు ఆగెను. 27 వాని ప్రక్కననే పలికెను.

బస్సు పాఠశాల చేరునప్పటికి రాత్రి పది దాటెను. గేటువద్ద దీపము క్రింద తల్లిదండ్రులు వేచియుండిరి. ఒక్కొక్కరిని వారి వారికి అప్పగించి ఉపాధ్యాయుడు పుస్తకములో పేరునకు ఎదురుగా గుర్తుపెట్టుచుండెను. రైతు వచ్చెను. ఆయన వెంట, చలికి దుప్పటి కప్పుకొని, ముసలమ్మయు వచ్చెను. జరిగినదంతయు ఉపాధ్యాయుడు దాచక చెప్పెను. రైతు కుమారుని భుజము గట్టిగా పట్టుకొని వినెను. కొంతసేపు ఏమియు అనలేదు. చివరకు, "చెప్పినారు గనుక సరిపోయినది" అనెను.

బాలుడు జేబులోనుండి కాగితము తీసి నాయనమ్మ చేతిలో పెట్టెను. "నీడ నీళ్ళమీద పడినది నాయనమ్మా, నేను చూచితిని."

ఆమె కాగితమును దీపము దగ్గర పట్టి చూచెను. పిదప దానిని కొంచెము త్రిప్పి, కొండను తన ఎడమచేతి వైపునకు తెచ్చుకొని, ఖాళీగా విడిచిన చోట వ్రేలు ఉంచెను.